టిప్పు కొడుకుల బొమ్మ, మన గుత్తి సీమ

టిప్పు సుల్తాన్ అనగానే మనకు గుర్తొచ్చేవి పులి, కత్తి, రాకెట్లు. ఇంజనీరింగ్ చదివేవాళ్ళం కదా, రాకెట్ల గురించి ఇంకాస్త ఎక్కువే వినుంటాం. కానీ అప్పటి లండన్ జనం టిప్పు ఓటమిని ఇంకో రకం బొమ్మల్లో చూశారు. వాటిలో ఉన్నది యుద్ధం కాదు, ఇద్దరు చిన్నపిల్లలు.

1792లో శ్రీరంగపట్నం దగ్గర టిప్పు ఓడిపోయాడు. సంధి షరతులు గట్టివే: సగం రాజ్యం, 3 కోట్ల 30 లక్షల రూపాయలు, ఆ డబ్బు తీరేదాకా ఇద్దరు కొడుకులు తాకట్టు. అబ్దుల్ ఖాలిక్, మొయిజుద్దీన్ ఇద్దరికీ పదేళ్ళు అటూ ఇటూ. ఫిబ్రవరి 26న వాళ్ళని కారన్‌వాలిస్‌కి అప్పగించారు. మద్రాసులో రెండేళ్ళు ఉండి, 1794లో తండ్రి దగ్గరికి తిరిగొచ్చారు.

ఈ అప్పగింతని చాలామంది గీశారు. రాబర్ట్ హోమ్ సైన్యంతో పాటే వెళ్ళిన చిత్రకారుడు. తన పెద్ద చిత్రంలో ఒక పక్కన తనని కూడా గీసుకున్నాడు, నేను అక్కడే ఉన్నా అన్నట్టు. మాథర్ బ్రౌన్ అసలు ఇండియాకే రాలేదు. అయినా పిల్లలు అంతఃపురం నుంచి బయల్దేరే దృశ్యం గీశాడు. బయటి మగవాళ్ళెవరూ అడుగుపెట్టని చోటు అది!

హోమ్ బొమ్మలో కారన్‌వాలిస్ ఆ పిల్లల్ని ఇంటికొచ్చిన చుట్టాల పిల్లల్లా చేరదీస్తుంటాడు. ఇదే కారన్‌వాలిస్ 1781లో అమెరికాలోని యార్క్‌టౌన్‌లో లొంగిపోయిన సేనాని. అక్కడ పోయిన పరువు ఇక్కడ రంగుల్లో తిరిగొచ్చింది. తాకట్టు అనే మాట బొమ్మలో కనబడదు, దయ కనబడుతుంది. బొమ్మ అబద్ధం చెప్పకుండానే నిజాన్ని పక్కకి ఎలా జరుపుతుందో చూడండి.

అసలు ప్రవాసం తర్వాత మొదలైంది. 1799 మే 4న టిప్పు చనిపోయాక కుటుంబాన్ని వేలూరు కోటకి పంపారు. 1806 జులై 10న అక్కడ సిపాయిలు తిరగబడ్డారు. ఆ అనుమానంతో టిప్పు వారసుల్ని ఇంకా దూరం, కలకత్తాకి తరలించారు. అక్కడి ధర్మతలాలో ఉన్న టిప్పు సుల్తాన్ మసీదు ఆయన కొడుకు గులాం మహమ్మద్ కట్టించిందే.

ఇందులో మనకేం సంబంధం అంటారా? గుంతకల్లు పక్కనున్న గుత్తి కూడా ఈ లెక్కల్లోదే. టిప్పు పోయాక గుత్తి సీమ నిజాం వాటాకి వచ్చింది. 1800లో నిజాం దాన్ని, చుట్టుపక్కల ప్రాంతాలతో కలిపి, కంపెనీ సైన్యం ఖర్చు కింద ఇచ్చేశాడు. దత్తమండలాలు అన్న పేరు అలా వచ్చింది. 1928లో గానీ రాయలసీమ అనే పేరు రాలేదు.

ఇంకో మాట. 1776లో టిప్పు తండ్రి హైదర్ అలీ గుత్తి కోట పట్టుకుని, దాన్ని ఏలుతున్న మురారిరావుని బందీగా తీసుకెళ్ళాడు. ఆయన తిరిగి రాలేదు, చెరలోనే పోయాడు. ఓడినవాళ్ళని ఊరు దాటించడం ఒక్క ఇంగ్లీషువాళ్ళ పనే కాదన్నమాట. కాకపోతే మురారిరావు ప్రయాణాన్ని లండన్‌లో అచ్చేసి అమ్మినవాళ్ళు లేరు.

అందుకే పాత చారిత్రక చిత్రం ఏది కనబడినా మూడు ప్రశ్నలు వేసుకుందాం. గీసినవాడు అక్కడ ఉన్నాడా? ఎవరు చూడాలని గీశాడు? ఆ బొమ్మ చట్రం బయట ఎవరు మిగిలిపోయారు? మూడో ప్రశ్నకి జవాబు వెతికితే ఒక్కోసారి మన ఊరే దొరుకుతుంది.