నల్ల అద్దమున్న హెల్మెట్టు

బళ్ళారి ఎండలో మోటారుసైకిలు నడిపేవారికి, లోపలే నల్ల అద్దమమర్చిన హెల్మెట్టు హాయిగానే ఉంటుంది. మీట జరిపితే అద్దం కళ్ళమీదికి దిగుతుంది. అయితే అంగడిలో మనవాళ్ళు ముందుగా చూసేది ఆ అద్దాన్నే. అది సరికాదని మా అభిప్రాయం. ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్నదా అని మొదట చూడవలెను. 2021 జూన్ 1 నుంచి అది లేనివి అమ్మరాదు. పట్టీ బిగించి తల ఊపితే చెంపల చర్మం కూడా హెల్మెట్టుతోపాటే కదలాలి.

అద్దం సంగతి ఆ తరువాత. కళ్ళజోడువారు జోడు తీయకుండానే దించి చూచుకోవాలి. ముక్కుకు తగిలేవి కొన్ని ఉన్నాయి. మీట ఎడమచేతికి అందవలెను, కుడిచేయి యాక్సిలరేటరు మీద ఉంటుంది గదా! పొద్దు గూకినా అద్దం ఎత్తని కుర్రవాళ్ళను మేము రోజూ చూస్తున్నాము. ఆ వేళ నల్ల అద్దంలోంచి, రోడ్డుకడ్డంగా నిలిచిన గేదె దగ్గరపడేదాకా కనబడదు.