బడిలో పాటకు పట్టే లెక్క

ముందు 20 అన్న అంకె పట్టుకుందాం. 6 నుంచి 8 తరగతులకు విద్యాహక్కు చట్టం ఏడాదికి 220 పనిదినాలు, 1000 బోధన గంటలు పెట్టింది. మనం అడిగేది వారానికి ఒక్క సంగీతం పీరియడు, అదీ 40 నిమిషాలు. పరీక్షలు, వానలు, సభలు పోగా 30 వారాలు మిగులుతాయనుకుంటే మొత్తం 20 గంటలు. వెయ్యిలో రెండు శాతం. “సిలబస్ ఎవరు పూర్తి చేస్తారండీ?” అని హెడ్మాస్టరు గారు అడిగితే తల్లిదండ్రుల దగ్గర ఉండాల్సిన జవాబు ఇదే.

చాలామంది మాత్రం హార్మోనియంతో మొదలెడతారు. దాత కూడా తేలిగ్గానే దొరుకుతాడు. ఒక్కసారి ఖర్చు, పైగా ఫొటో పడుతుంది. టైంటేబుల్లో పీరియడు లేకపోతే ఆ పెట్టె బీరువా ఎక్కి కూర్చుంటుంది. అడగాల్సింది ముందు పీరియడు, తర్వాత మాస్టారు, ఆఖరున వాయిద్యం.

మాస్టారికి డబ్బెక్కడిది? 6, 7, 8 తరగతుల్లో తలా 60 మంది, మొత్తం 180 మంది ఉన్న సర్కారు బడి ఒకటి అనుకుందాం. మూడు తరగతులకు వారానికి ఒక్కో పీరియడు చొప్పున 30 వారాల్లో 90 పీరియడ్లు. పీరియడుకు 300 అనుకుంటే 27,000 రూపాయలు, అంటే పిల్లవాడికి ఏడాదికి 150. సమగ్ర శిక్షా నిబంధనల్లో 101 నుంచి 250 మంది ఉన్న బడికి వచ్చే గ్రాంటు 50,000. అందులో పదో వంతు శుభ్రతకే పోవాలి. మిగిలిన 45,000లోనే సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, విరిగిన కిటికీలు. అందులోంచి 27,000 తీస్తామంటే ఏ హెడ్మాస్టరూ ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే న్యాయం. ఆ 150 పిల్లల దగ్గర వసూలు చేయడమూ కుదరదు; చట్టం చెప్పింది ఉచిత విద్య.

అదే చట్టం షెడ్యూలులో ఇంకో మాట ఉంది. 6-8 తరగతుల్లో 100 మందికి మించితే కళావిద్యకు పార్ట్‌టైం బోధకుడు ఉండాలి. అయితే కళ అంటే డ్రాయింగూ కావచ్చు. అందుకే అర్జీలో ‘సంగీతం’ అని విడిగా రాయాలి. పోస్టు వచ్చేదాకా ఆ 27,000కు పూర్వ విద్యార్థులే దిక్కు. నేర్పగలిగినవాళ్లకు మాత్రం మన దగ్గర కరువు లేదు. విజయనగరం సంగీత కళాశాల 1919 నుంచీ నడుస్తోంది. తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. ఇలాంటి కళాశాలల్లో చదివి, పట్టా పుచ్చుకుని ఇంట్లో ట్యూషన్లు చెప్పుకునేవాళ్లు దగ్గర్లో ఉన్నారేమో వాకబు చేయాలి.

ఇక తరగతి గది. 40 నిమిషాల్ని 60 మందికి పంచితే తలా 40 సెకన్లు. ఒక్కొక్కరినీ నిలబెట్టి పాడించడం అసాధ్యం, అందరూ కలిసి పాడాల్సిందే. ఆది తాళం చూడండి: ఒక దెబ్బ, ఆపై చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు, అవి 4. తర్వాత దెబ్బ, అరచెయ్యి తిప్పడం, ఇలా రెండుసార్లు, ఇంకో 4. మొత్తం 8. అరవై మందీ ఒకేసారి వేయొచ్చు, పైసా ఖర్చు లేదు. శ్రుతికి ఫోనులో తంబురా చాలు. జాగ్రత్త పడాల్సింది ఒక్కచోట: మగ మాస్టారు తన గొంతుకు వీలైన ఒకటి శ్రుతిలో మొదలెడితే, ఐదు శ్రుతి చుట్టూ హాయిగా పాడే పిల్లలకు కింది స్వరాలు అందవు. తప్పు పిల్లలదనుకుని వెనక బెంచీకి పంపేస్తారు.

తీర్మానం చేయాల్సింది పాఠశాల యాజమాన్య కమిటీ. చట్టం ప్రకారం అందులో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది మహిళలు. గ్రాంటు ఖర్చును చూసే అధికారమూ దానిదే. తీర్మానంలో ‘సంగీతాన్ని ప్రోత్సహించాలి’ అని రాస్తే ఎవరూ కాదనరు, ఏమీ జరగదు. ఏ తరగతికి, ఏ వారం, ఎన్నో పీరియడు, మాస్టారికి ఎంత, ఆ డబ్బు ఎవరిస్తారు అన్న ఐదూ రాయించి, సంతకాలయ్యాక నకలు ఒకటి ఇంటికి తెచ్చుకోవాలి.