నడుం తొక్కిస్తే డిస్కు సర్దుకుంటుందా?

'నడుం పట్టేసిందా? ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో తొక్కించుకో!'... మన పల్లెల్లో తరతరాలుగా వినిపించే సలహా ఇది. ఇప్పుడు దానికి 'కైరోప్రాక్టిక్' తోడైంది. వీపు మీద ఒక్క నొక్కు, 'టక్‌'మని శబ్దం, నొప్పి మాయం! సెల్‌ఫోన్లలో ఇలాంటి వీడియోలకు కొదవే లేదు. మరి డిస్కు నిజంగా అంత తేలిగ్గా సర్దుకుంటుందా?

జారేది ఏమిటి?

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసకొయ్యను వీణగా మలిచే కళాకారులైనా, పొలంలో వంగి నాట్లేసే కూలీలైనా, కుర్చీ వదలని ఉద్యోగులైనా... అందరి భారం మోసేది వెన్నెముకే. అందులో 23 డిస్కులుంటాయి. బయట గట్టి పీచుపొర, లోపల మెత్తని గుజ్జు. పొర చిట్లితే గుజ్జు బయటికొచ్చి నరాన్ని ఒత్తుతుంది. నొప్పి పిరుదు నుంచి కాల్లోకి పాకుతుంది. దగ్గినా తుమ్మినా ప్రాణం పోయినట్లుంటుంది. ఇదే సయాటికా. అంతేగానీ డిస్కు క్యారంబిళ్లలా పక్కకు జరగదు. అందుకే దాన్ని తోసి లోపలికి పంపడమూ కుదరదు.

'టక్‌' వెనక...

కైరోప్రాక్టిక్‌కు 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో డేనియల్ డేవిడ్ పామర్ శ్రీకారం చుట్టారు. ఆ శబ్దం కీళ్ల ద్రవంలోని వాయువుది, డిస్కుది కాదు. ఈ వైద్యంతో కొందరికి నడుంనొప్పి కొంత తగ్గే మాట నిజమే. ఆ మాత్రం ఉపశమనం వ్యాయామంతోనూ దొరుకుతుంది. ఎముకలు గుల్లబారినవారికి, కాలు బలహీనపడుతున్నవారికి మాత్రం ఆ నొక్కుడు ప్రమాదకరం.

తొందరొద్దు!

చాలామందికి 6 నుంచి 12 వారాల్లో నొప్పి దానంతటదే తగ్గుముఖం పడుతుంది. బయటికొచ్చిన గుజ్జును శరీరమే క్రమంగా కరిగించుకుంటుంది. నెలల తరబడి మంచం పట్టడం మంచిది కాదు. ఓర్చుకోగలిగినంత నడవాలి. బరువులెత్తేటప్పుడు నడుం కాదు, మోకాళ్లు వంచాలి. స్కానింగ్ చూసి బెంబేలెత్తనక్కర్లేదు. 1994లో అమెరికాలో నడుంనొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీస్తే, సగం మందికి పైగా డిస్కు ఉబ్బు కనిపించింది!

ఆలస్యం చేయొద్దు!

మూత్రం ఆగిపోయినా, మలమూత్రాలపై అదుపు తప్పినా, కూర్చునేచోట తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా తొక్కుళ్లు, నొక్కుళ్లు కట్టిపెట్టాలి. ఆ రోజే విశాఖ కేజీహెచ్‌ లాంటి న్యూరోసర్జరీ విభాగమున్న ఆసుపత్రికి చేరాలి. అక్కడ గంటలు కూడా విలువైనవే. మిగతా నొప్పికి మందు... కాస్త ఓపిక, రోజూ నాలుగడుగులు!