మళ్లీ రంగెయ్యలేని కంచె

గోడ రంగు నచ్చకపోతే వచ్చే సంక్రాంతికి మార్చేసుకోవచ్చు. తలుపుకు కొత్తగా పాలిష్ పెట్టించుకోవచ్చు. గేటును గీకించి వేరే రంగు కొట్టించుకోవచ్చు. కంపోజిట్ కంచెకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. దాని రంగు పైన పూసింది కాదు, రంపపు పొట్టూ ప్లాస్టిక్కూ వేడికి కలిసిపోయేటప్పుడే అందులో కలిపింది. పైన రక్షణ పొర ఉన్న రకాలకు పెయింటు సరిగా పట్టదు. పట్టినా కొన్నాళ్లకు పెచ్చులూడుతుంది. వారంటీ సంగతి కూడా అంతటితో తేలిపోవచ్చు. పదిహేనేళ్లో ఇరవయ్యేళ్లో కళ్లెదుట ఉండబోయే ఈ రంగును చాలామంది ఏసీ షోరూములో, తెల్లటి లైటు కింద, అరచేతిలో పట్టే ముక్క చూసి ఖాయం చేసేస్తున్నారు.

హైదరాబాద్‌కు పడమర వైపు కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ విల్లాల్లో ఈ కంచె ఇప్పుడు బాగా కనిపిస్తోంది. నాలుగైదడుగుల ప్రహరీ కట్టి, పక్కింటి కిటికీ కనబడకుండా దాని మీద మరో మూడడుగులు అడ్డబోర్డులు బిగిస్తారు. చెద పట్టదు, ఏటా వార్నిష్ పని ఉండదు, టేకు కంటే ఖర్చు తక్కువ. ఇష్టపడటానికి కారణాలున్నాయి. ఇబ్బందల్లా రంగు దగ్గరే. షేడ్ కార్డులో చార్‌కోల్, గ్రే, వాల్‌నట్, టీక్, ఐవరీ వరసగా ఉంటాయి. పదిళ్లు చూస్తే ఎక్కువ ఇళ్లకు చార్‌కోలే.

ఆ మోజు మన ఎండలో పుట్టింది కాదు. ఈ సరుకును ఇళ్ల పెరళ్లకు అలవాటు చేసింది అమెరికా. 1996లో మోబిల్ కెమికల్ కంపెనీ నుంచి ఒక విభాగం విడివడి ట్రెక్స్ అనే కంపెనీ అయింది. పాత పాలిథిన్‌నూ చెక్కపొట్టునూ కలిపి బోర్డులు పోసింది. అక్కడి శివారు కాలనీల్లో కంచె రంగు చాలాచోట్ల యజమాని ఇష్టానికి వదలరు. డాలస్ దగ్గరి ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో ఇల్లు కొనుక్కున్న మన తెలుగు కుటుంబాలకు ఇది బాగా తెలుసు: కాలనీ సంఘం ఒప్పుకున్న షేడ్లలోంచే ఏరుకోవాలి. నల్లటి కిటికీ ఫ్రేములు, తెల్లటి గోడలు, ముదురు బూడిద కంచె ఉన్న అక్కడి ఇళ్ల ఫొటోలు ఫోన్లలో ఇక్కడికి వచ్చాయి. వాటితో పాటు అక్కడి ఎండ రాలేదు.

డాలస్ దాదాపు 33 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడ సూర్యుడు ఏ రోజూ నడినెత్తికి రాడు. హైదరాబాద్ 17.4 డిగ్రీల మీద ఉంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మనకు మిట్టమధ్యాహ్నపు సూర్యుడు కాస్త ఉత్తరానికే ఉంటాడు. ఉత్తరం ముఖం ఎప్పుడూ నీడలోనే ఉంటుంది, అక్కడి రంగు వెలవదు అనుకోవడం అమెరికా లెక్క. మన దగ్గర కుదరదు.

రెండింటి ఎండలో చెయ్యి పెట్టి

నలభై రెండు డిగ్రీల ఎండలో చార్‌కోల్ బోర్డు పైభాగం అరవై డిగ్రీలు దాటడం మామూలే. బిగించే ఫిట్టర్లను అడిగితే ఒక్క ముక్కలో చెప్పేస్తారు: "పొద్దుగాల చూస్తే మంచిగనే ఉంటది సార్. మధ్యాహ్నం రెండింటికి చెయ్యి పెట్టి చూడండి." ఆ వేడికి బోర్డు సాగుతుంది. ఆరడుగుల బోర్డు తెల్లవారుజాము చల్లదనానికీ మధ్యాహ్నపు సెగకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్లు పెరిగి తగ్గుతుంది. ఛానల్ దగ్గర అంత సందు వదలకపోతే బోర్డు విల్లులా వంగుతుంది. లేత రంగు బోర్డుల్లో ఈ సాగుడు తక్కువ, ఎందుకంటే అవి అంత వేడెక్కవు. రంగు ఎంత వెలుతురును వెనక్కి పంపుతుందో చెప్పే అంకె ఒకటుంది, ఎల్‌ఆర్‌వీ. పచ్చి నలుపు సున్నా, పరిపూర్ణమైన తెలుపు వంద. షేడ్ కార్డు మీద లేకపోతే అడిగి తెలుసుకోవాల్సిన అంకె ఇది.

దిక్కును కూడా లెక్కలోకి తీసుకోవాలి. పడమటి హద్దులోని కంచె సాయంత్రపు ఎండను బయటి ముఖంతో మోస్తుంది. మనకు కనబడే లోపలి ముఖం మీద పడేది పొద్దుటెండే. తూర్పు హద్దు సంగతి ఇందుకు తలకిందులు. దాని లోపలి ముఖం పడమటికి తిరిగి ఉంటుంది. పెరడు వెడల్పుగా ఉండి ఇంటి నీడ అందకపోతే మూడు గంటల ఎండంతా దాని మీదే. ఒకే ఇంట్లో ఒకే రంగు నాలుగు హద్దుల్లో నాలుగు తీరుల్లో ముసలిదవుతుంది.

న్యాయంగా చెప్పాలంటే నలుపుకు ఒక బలం ఉంది. అందులో వాడే కార్బన్ బ్లాక్ ప్లాస్టిక్‌ను అతినీలలోహిత కిరణాల నుంచి బాగా కాపాడుతుంది. ముదురు కంచె ముందు నందివర్ధనం పూలు, కరివేపాకు కొమ్మలు తేటగా కనిపిస్తాయి. చెట్ల నీడ ఉన్న చిన్న పెరట్లో చార్‌కోల్ నాకూ ఇష్టమే. నీడ లేనిచోట మాత్రం వద్దు. రాధామనోహరం లాంటి తీగను పాకిస్తే లేత చిగుళ్లు ఆ సెగకు మాడిపోతాయి.

మట్టి చిందులు, బోరు నీళ్ల మరకలు

ఎండ కంటే ఎక్కువగా కంచె రంగును చెడగొట్టేవి మన మట్టీ మన నీళ్లూ. హైదరాబాద్ బోరు నీళ్లలో చాలాచోట్ల సున్నం శాతం ఎక్కువ. లాన్‌కు స్ప్రింక్లర్ పెట్టి, కంచెను నేల దాకా దించిన ఇంట్లో చార్‌కోల్ బోర్డును దగ్గరికెళ్లి చూడండి. కింది అడుగున్నర మేర తెల్లటి చుక్కలు, వాటి మీద కారిన తెల్లటి చారలు. గుడ్డతో తుడిస్తే తడి ఉన్నంతసేపు మాయమవుతాయి, ఆరగానే తేలతాయి. అలా నేల దాకా దించిన ఐవరీ కంచెకు బాధ మరోలా ఉంటుంది. తొలకరి వాన ఎర్రమట్టి మీద పడి చిందితే కింది రెండు బోర్డులకు మోకాలెత్తున ఎర్రటి మచ్చలు. విశాఖ తీరంలో ఉప్పుగాలికి మామూలు స్క్రూలు తుప్పు పట్టి లేత బోర్డు మీద గోధుమ రంగు గీతలు దించుతాయి. అక్కడ రంగు కంటే ముందు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూల సంగతి తేల్చుకోవాలి.

అందుకే నా ఓటు మధ్యస్థపు రంగులకు: తేనె గోధుమ, కాస్త ఎరుపు కలిసిన టీక్, వెచ్చటి బూడిద. మట్టి పడినా సున్నం పడినా వీటి మీద కొట్టొచ్చినట్టు కనబడవు. ఈ గోధుమ, ఎరుపు షేడ్లలో ఎక్కువగా వాడేది ఐరన్ ఆక్సైడ్. మన అరుగులకూ గుడి గోడలకూ తరతరాలుగా పూస్తున్న జాజుకు ఎరుపునిచ్చేదీ అదే. ఎండకు తేలిగ్గా వెలిసే రంగు కాదది. వెలిసేది బోర్డులోని చెక్క పొట్టు. చెక్కలోని లిగ్నిన్‌ను ఎండ తినేస్తుంది. రక్షణ పొర లేని బోర్డు అందుకే మొదటి కొన్ని నెలల్లో తేలిపోయి, తర్వాత ఒక చోట నిలబడుతుంది. పొర లేని రకం కొంటుంటే నిలబడ్డాక ఎలా ఉంటుందో చూపించమనాలి. అలాంటి బోర్డుల నుంచి తొలి వానలకు టీ రంగు నీళ్లు కారడం కూడా మామూలే. కింద తెల్లటి టైల్స్ ఉంటే మరకలు పడతాయి.

డబ్ల్యూపీసీ అనే ఒకే పేరుతో మన మార్కెట్లో వేర్వేరు సరుకులు అమ్ముతారు. ఇంటి లోపలి తలుపులకూ కబోర్డులకూ వాడేది ఎక్కువగా పీవీసీతో చేసింది. డెక్‌లకూ కంచెలకూ వాడేది ఎక్కువగా హెచ్‌డీపీఈతో చేసింది. లోపలి సరుకు తెచ్చి బయట బిగిస్తే ఎంత ఆలోచించి ఎంచుకున్న రంగైనా దక్కదు.

ఇక ఏ రంగుకు జోడీ కుదర్చాలన్నది అసలు ప్రశ్న. చాలామంది కంచె ముక్కను గోడ పెయింటు పక్కన పెట్టి చూస్తారు. ఆ పెయింటు ఐదారేళ్లలో మారిపోతుంది, కంచె మారదు. ఇంటితో పాటు ఉండిపోయే వాటి పక్కన పెట్టి చూడాలి. వాకిట్లో పరిచింది తాండూరు నీలం బండయితే వెచ్చటి బూడిద దానితో హాయిగా కలుస్తుంది. తాండూరు పసుపైతే తేనె గోధుమ. మెట్లకు నల్లటి కడప బండ వాడిన ఇంట్లో టీక్ నిండుగా ఉంటుంది. పెరట్లో గ్రానైట్ గుండును పగలగొట్టకుండా ఉంచుకున్న అదృష్టవంతులు దాన్నే చూడాలి. హైదరాబాద్ గుండ్లలో బూడిద, గులాబీ, గోధుమ మూడూ పక్కపక్కనే ఉంటాయి. ఏ షేడ్ కార్డూ అంత చక్కగా కలిపి చూపించలేదు. కిటికీ ఫ్రేములు నల్లవైతే కంచె కూడా నల్లగా ఉండాలన్న నియమం ఏదీ లేదు. కంచె నిలబెట్టే స్తంభాలను నల్లగా తీసుకుంటే ఆ జోడీ కుదిరిపోతుంది.

కొనే ముందు రెండు షేడ్లలో కనీసం రెండడుగుల ముక్కలు అడిగి తీసుకోండి. వాటిని బల్ల మీద పడుకోబెట్టి చూడొద్దు, కంచె నిలబడే చోటే నిలబెట్టండి. సగం ముక్కకు అల్యూమినియం ఫాయిల్ గట్టిగా చుట్టి వేసవిలో నెలరోజులు ఉంచండి. విప్పి చూస్తే ఎండ ఎంత తిన్నదో పక్కపక్కనే కనబడుతుంది. మీ బోరు నీళ్లే చల్లి ఆరనివ్వండి. పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం రెండింటికి చూసి, రాత్రి తోటలో పెట్టబోయే పసుపు ఎల్‌ఈడీ వెలుతురులోనూ ఒకసారి చూడండి. గ్రే అనుకున్నది ఆ దీపం కింద బురద రంగులోకి తిరగొచ్చు.

ఇవన్నీ అయ్యాక ఆర్డరు మొత్తం ఒకేసారి ఇవ్వండి. ఒకే కోడ్ ఉన్నా బ్యాచ్ మారితే రంగులో తేడా వస్తుంది, నాలుగు బోర్డులు తర్వాత తెప్పించుకుందాం అంటే అవి అతుకుల్లా కనిపిస్తాయి. పెట్టెల మీద బ్యాచ్ నంబరు ఒకటేనని చూసుకుని దింపించుకోండి. పదింట ఒకవంతు ఎక్కువ కొని, మిగిలినవాటిలో రెండు మూడు బోర్డులను కంచె పక్కనే ఎండలో ఉంచండి. ఐదేళ్లకు కారో క్రికెట్ బంతో తగిలి ఒక బోర్డు పగిలితే, దాని స్థానంలోకి వెళ్లే బోర్డు కూడా అప్పటికి అంతే ఎండ తిని ఉంటుంది.