ఉత్త ‘టాలీ’ అంటే ఎవరికి తెలుస్తుందమ్మా?

అమీర్‌పేటలో మైత్రీవనం వెనకాల నాది చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు. చుట్టూ కోచింగ్ సెంటర్లే కాబట్టి మాకు వచ్చేవి ఎక్కువగా రెజ్యూమేలే. పేర్లు మార్చి అచ్చేసిన పెళ్లిపత్రికల్లా అన్నీ ఒకటే తీరు. ‘పేరున్న సంస్థలో సవాళ్లతో కూడిన ఉద్యోగం చేస్తూ ఎదగడమే నా ధ్యేయం’ అని మొదలు. తర్వాత తండ్రి పేరు, మతం, పెళ్లయిందీ లేనిదీ, హాబీల్లో క్రికెట్టు. చివర ‘పై వివరాలన్నీ నిజమే’ అని ఒట్టు. ఇవన్నీ తీసేస్తే మిగిలేది అర పేజీ. ఆ అర పేజీ చూసి పిల్లలు బెంబేలెత్తిపోతారు.

మొన్న సూర్యాపేట అమ్మాయి ఒకామె వచ్చింది. బీకాం, అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి. స్కిల్స్ కింద ‘టాలీ, ఎంఎస్ ఆఫీస్, కష్టపడే తత్వం’ అని ఉంది.

“టాలీ ఎక్కడ నేర్చుకున్నావమ్మా?”

“మా మేనమామ టైల్స్ షాపులో రెండేళ్లు చేశానన్నా.”

“మరి రాయలేదేం?”

“అదేం ఉద్యోగమన్నా, ఇంటి షాపే కదా!”

కూర్చోబెట్టి అడిగితే ఒక్కొక్కటే బయటికొచ్చింది. రోజూ అమ్మకం బిల్లులు టాలీలో ఎక్కించేది. నెలనెలా 11లోపు జీఎస్టీఆర్-1కి లెక్కలు తీసి ఆడిటర్‌కి పంపేది. కొన్న బిల్లులు జీఎస్టీఆర్-2బీలో కనిపించకపోతే సప్లయర్లకు ఫోన్ మీద ఫోన్ చేసి వాళ్ల చేత ఎక్కించేది. లేకపోతే మామయ్యకు ఇన్‌పుట్ క్రెడిట్ రాదు మరి. అకౌంట్స్ మేనేజరుకు కావలసిన మనిషి ఈమే కదా! ఈ మూడు పనులూ మూడు లైన్లలో పైన పెట్టాం. కష్టపడే తత్వం తీసేశాం.

రెండు కాలమ్‌ల రంగురంగుల టెంప్లేట్లు అడుగుతారు కొందరు. పెద్ద కంపెనీలకు ఆన్‌లైన్‌లో పంపితే ముందు చదివేది చాలాచోట్ల సాఫ్ట్‌వేరే. కాలమ్‌లు, టేబుళ్లు ఉంటే దానికి అక్షరాలు కలగాపులగం అవ్వచ్చు. ఒకే కాలమ్, మామూలు ఫాంటు మేలు. ప్రకటనలో ‘బ్యాంక్ రికన్సిలియేషన్’ అని ఉండి, మీరు ఆ పని చేసి ఉంటే అదే మాట రాయండి. ఫైలుకు ‘న్యూ ఫైనల్ 3’ అని కాకుండా మీ పేరు పెట్టండి. ‘క్యూట్ ప్రిన్స్’ మెయిల్ ఐడీల గురించి నేనేం మాట్లాడను.

ఎన్నడూ చూడని కంపెనీలో మూడేళ్లు చేసినట్టు కొట్టిపెట్టమని వచ్చేవాళ్లూ ఉన్నారు. నేను కొట్టను. చాలా కంపెనీలు పీఎఫ్ ఖాతాల యూఏఎన్ నంబరు అడుగుతాయి. ఏ కంపెనీ ఏ నెల నుంచి ఏ నెల దాకా పీఎఫ్ కట్టిందో అందులో తేలిపోతుంది. చేరాక దొరికినా తీసేస్తారు.

“మరి మామయ్య షాపులో పీఎఫ్ లేదు, నమ్ముతారా అన్నా?” అంది ఆ అమ్మాయి. షాపు లెటర్‌హెడ్ మీద, జీఎస్టీ నంబరుతో, ఏ నెల నుంచి ఏ నెల దాకా ఏయే పనులు చేసిందో రాయించి తెచ్చుకోమన్నా. జీతం బ్యాంకులో పడి ఉంటే ఆ స్టేట్‌మెంటు కూడా తీసిపెట్టుకోమన్నా. మామయ్యకు అక్కడి నుంచే ఫోన్ కలిపింది.