సహపంక్తి నుంచి పాట్‌లక్ వరకు: శ్రామిక చరిత్ర చర్చలో భోజనం పాత్ర

వ్యాససంగ్రహం: ప్రతివారూ ఇంటి నుంచి ఒక వంటకం తెచ్చి అందరితో పంచుకునే విందును అమెరికాలో ‘పాట్‌లక్’ అంటారు. శ్రామిక చరిత్ర, సామాజిక న్యాయం వంటి అంశాల చర్చకు ఇటువంటి విందులను వేదిక చేసుకోవడం అక్కడి ఉద్యమవర్గాలలో పరిపాటి. సహభోజనం తనంతట తానుగా సమానత్వాన్ని తీసుకురాదనీ, ఎవరు వండినది ఎవరు తింటున్నారన్న ప్రశ్నే దాని విలువను నిర్ణయిస్తుందనీ వివరించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

కీలకపదాలు: పాట్‌లక్, సహపంక్తి భోజనం, శ్రామిక చరిత్ర, హైలాండర్, వనభోజనాలు.

1. ప్రవేశిక

సభకు, పాట్‌లక్‌కు నిర్మాణంలోనే భేదముంది. సభలో వక్త వేదికపై ఉంటాడు; మిగిలినవారు శ్రోతలు. పాట్‌లక్‌లో ఆతిథేయి, అతిథి అన్న విభజన సడలుతుంది. చేత గిన్నెతో వచ్చిన ప్రతివారూ ఆ సమావేశానికి ఏదో ఒకటి ఇచ్చినవారే. శ్రామికుల అనుభవాన్ని ఆధారంగా స్వీకరించే చరిత్ర రచనకు ఈ లక్షణం ఉపకరిస్తుంది. అయితే ఆ ఉపకారం ఏ షరతులపై లభిస్తుందో పరిశీలించవలసి ఉంది.

2. హైలాండర్ అనుభవం

మైల్స్ హోర్టన్, డాన్ వెస్ట్ 1932లో టెన్నెసీ రాష్ట్రంలోని మాంటీగిల్ సమీపంలో హైలాండర్ జానపద పాఠశాలను స్థాపించారు. కార్మికులకు సంఘ నిర్మాణంలో శిక్షణనివ్వడం దాని తొలి కార్యక్రమం. అక్కడి భోజనం కచ్చితమైన అర్థంలో పాట్‌లక్ కాదు. నివాసశిక్షణలో భాగమైన ఉమ్మడి భోజనం. అయినప్పటికీ భోజనానికీ, చర్చకూ గల సంబంధాన్ని అది స్పష్టంగా చూపుతుంది. నల్లవారు, తెల్లవారు ఒకే బల్ల వద్ద తినడాన్ని దక్షిణ రాష్ట్రాల చట్టాలు, ఆచారాలు అడ్డుకుంటున్న కాలంలో హైలాండర్‌లో అది దినచర్య.

1955 వేసవిలో రోసా పార్క్స్ అక్కడి శిక్షణకు హాజరయ్యారు. ఉదయం కాఫీ, వంట వాసనలకు మేలుకొన్నప్పుడు ఆ వంట చేస్తున్నది తెల్లవారన్న ఎరుక తనకు సంతోషమిచ్చిందని ఆమె అనంతరకాలంలో గుర్తుచేసుకున్నారు. తెల్లవారి ఇళ్లలో కూలికి వండిపెట్టడం నల్లజాతి స్త్రీలకు ప్రధాన జీవనోపాధిగా ఉన్న సమాజంలో ఆ సంతోషానికి చారిత్రకార్థముంది. ఇక్కడ మారినది కూర్చునే స్థలం మాత్రమే కాదు, వండే చేయి కూడా. అదే సంవత్సరం డిసెంబరు 1న ఆమె మాంట్‌గోమరీలో అరెస్టయ్యారు. బస్సుల బహిష్కరణోద్యమం మొదలైంది.

ఆ ఉద్యమంలో జార్జియా గిల్మోర్ అనే వంటమనిషి తోటి స్త్రీలతో కలిసి ఇళ్లలో వండిన భోజనాలు, పిండివంటలు అమ్మి ఉద్యమానికి నిధులు సమకూర్చారు. ఆ బృందం పేరు ‘క్లబ్ ఫ్రమ్ నోవేర్’, అనగా ‘ఎక్కడిదీ కాని సంఘం’. డబ్బు ఎక్కడిదని అడిగితే దాతల పేర్లు బయటపడకుండా ఆ పేరే సమాధానమయ్యేది. ఉద్యోగాలు పోగొట్టుకునే ప్రమాదమున్న స్త్రీలకు ఆ గోప్యత రక్షణ. చరిత్రకారుడు మాత్రం ఆ వంటగదులను వెతికి పట్టుకోవలసిందే.

3. తెలుగునాట పరిస్థితి

పాట్‌లక్‌కు మన సమాజంలో దగ్గరి రూపం కార్తిక వనభోజనం. ఉసిరిచెట్టు నీడన అందరూ కలిసి తినడమన్న ఆచారం నేడు అనేకచోట్ల కులసంఘాల వారీగా జరిగే వనభోజనాలుగా మారింది. అక్కడ భోజనం పంచుకుంటున్నారు. కాని పంక్తి సరిహద్దు ముందుగానే నిర్ణయమై ఉంది.

సంస్కర్తలు నిర్వహించిన సహపంక్తి భోజనాలు ఆ సరిహద్దును ప్రశ్నించాయి. 1936లో వెలువడిన ‘కుల నిర్మూలన’లో అంబేద్కర్ వాటి పరిమితిని చర్చించారు. సహపంక్తి భోజనాలు మాత్రమే కులాన్ని నిర్మూలించలేవనీ, కులాంతర వివాహమే అసలు మార్గమనీ, అంతకు మించి కులాన్ని సమర్థించే శాస్త్రాల ప్రామాణ్యాన్ని తిరస్కరించాలనీ ఆయన వాదించారు.

ఈ విమర్శ వెలుగులో పాట్‌లక్ ప్రత్యేకతను గుర్తించవచ్చు. సహపంక్తిలో పక్కన కూర్చుంటే చాలు; వంట నిర్వాహకులది. పాట్‌లక్‌లో ఎదుటివారి ఇంట వండినది తినాలి. అంటు, మడి భావనలకు ఇది మరింత కఠినమైన పరీక్ష. దళిత సహాధ్యాయి తెచ్చిన గిన్నె మూత తీయకుండానే తిరిగి వెళ్లిపోతే, అనంతరం సామాజిక న్యాయంపై జరిగే ఉపన్యాసానికి విలువ లేదు.

మాట్లాడే అధికారమూ ఇటువంటిదే. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల కథనాలను స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’గా 1986లో వెలువరించింది. పోరాటం ముగిసిన మూడు దశాబ్దాలకు పైగా గడిచిన తర్వాత గాని ఆ గ్రంథం రాలేదు. ఉద్యమాలకు అన్నం పెట్టినవారు ఉద్యమచరిత్రకు వక్తలు కావడానికి అంత కాలం పట్టింది.

4. ముగింపు

కళాశాలలలో మేడే వంటి సందర్భాలలో ఇటువంటి విందును చర్చావేదికగా నిర్వహించదలచిన అధ్యాపకులు మూడు అంశాలను గమనించాలి. వంట, వడ్డన, గిన్నెలు కడగడం స్త్రీలకో, పారిశుద్ధ్య సిబ్బందికో వదిలేయరాదు. ఏ ఇంటి వంటకమూ శుచి పేరిట బల్ల మీది నుంచి తొలగిపోరాదు. తొలిమాట పుస్తకం చదివినవారిది కాక పని చేసినవారిది కావాలి. ఈ మూడూ పాటించినంత మాత్రాన కులం గాని, వర్గం గాని నశించవు. కాని శ్రామిక చరిత్రను చర్చించే గదిలో శ్రమ మళ్లీ కనుమరుగు కాకుండా అవి కాపాడగలవు.