తుపాకీ భయం, అంకెల నిజం

మా ఆసుపత్రి ప్రార్థన మందిరంలో ఉంచిన మనవుల పెట్టెను ప్రతి ఆదివారం ఆరాధన తరువాత తెరుస్తాము. కొన్ని చీటీలు ప్రతివారం ఒకే రకంగా ఉంటాయి. “అమెరికాలో చదువుకొంటున్న మా బాబును తుపాకీ కాల్పుల నుండి కాపాడమని ప్రార్థించండి.” “మా పాప అక్కడ రాత్రి డ్యూటీ చేస్తోంది, భయంగా ఉంది.” ఓపీలోనూ ఇదే మాట వింటున్నాము. మాత్రలు వేసుకొంటున్నా బీపీ ఎందుకు తగ్గడం లేదని అడిగితే, రాత్రి టీవీలో వార్తలు చూశాక నిద్ర పట్టడం లేదని చెప్పే తల్లులు ఉన్నారు.

ఈ భయాన్ని మేము తేలికగా తీసుకోము. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేతాలో హైదరాబాదుకు చెందిన ఒక ఇంజనీరు కాల్పులలో చనిపోయారు. 2023 మే 6న టెక్సాస్‌లోని అలెన్ పట్టణంలో ఒక షాపింగ్ మాల్‌లో ఎనిమిది మంది హతులయ్యారు. వారిలో హైదరాబాదుకు చెందిన ఒక యువతి ఉన్నారు. ఆ కుటుంబాల దుఃఖం మనందరి దుఃఖం. అయితే భయపడేవారికి నిజం కూడా తెలియాలి. రోగి ఒళ్ళు కాలుతోందని చెబితే వైద్యుడు నమ్ముతాడు, అయినా థర్మామీటరు పెట్టి చూస్తాడు. ఈ విషయంలోనూ అలాగే చూద్దాం.

లెక్కలు ఏమి చెబుతున్నాయి?

అమెరికాలో తుపాకీ హత్యలు 1993లో బాగా ఎక్కువగా ఉండేవి. ఆ ఏడాది ప్రతి లక్ష మందిలో సుమారు ఏడుగురు తుపాకీ హత్యకు గురయ్యారు. తరువాత అవి తగ్గుతూ వచ్చి, 2010 నాటికి లక్షకు 3.6కి, అంటే దాదాపు సగానికి చేరాయి. 2013లో ప్యూ పరిశోధనా సంస్థ అక్కడి ప్రజలను, ఇరవై ఏళ్ళలో తుపాకీ నేరాలు పెరిగాయా, తగ్గాయా అని అడిగింది. నూటికి 56 మంది పెరిగాయన్నారు. తగ్గాయని సరిగా చెప్పినవారు 12 మందే.

కథ అక్కడితో ఆగలేదు. కోవిడ్ కాలంలో, 2020, 2021 సంవత్సరాలలో, హత్యలు ఒక్కసారిగా పెరిగాయి. 2021లో తుపాకుల వల్ల చనిపోయినవారు మొత్తం 48,830 మంది. అంతకుముందు ఏ ఏడాదీ అంతమంది చనిపోలేదు. ఆ తరువాత మళ్ళీ తగ్గుదల మొదలైంది. ఎఫ్.బి.ఐ. లెక్కల ప్రకారం హత్యలు 2023లో పది శాతానికి పైగా, 2024లో మరో పదిహేను శాతం వరకు తగ్గాయి. కానీ 2023లో గాలప్ సంస్థ అడిగినప్పుడు నూటికి 77 మంది దేశంలో నేరాలు పెరిగాయనే చెప్పారు. మీ ప్రాంతంలో సంగతేమిటని అడిగితే మాత్రం, పెరిగాయన్నవారు 55 మందే. తమ కళ్ళతో చూసే వీధి కంటే టీవీలో చూసే దేశమే వారికి ఎక్కువ భయంకరంగా కనబడింది.

తగ్గింది కాబట్టి అంతా క్షేమమని మేము చెప్పడం లేదు. ఇతర ధనిక దేశాలతో పోలిస్తే అమెరికాలో తుపాకీ మరణాలు ఇప్పటికీ ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి అక్కడున్న మన పిల్లలు రాత్రివేళ దుకాణాలలో, పెట్రోలు బంకులలో ఒంటరిగా పని చేయకుండా చూసుకోవడం, దోపిడీ జరిగితే ఎదిరించకుండా డబ్బు ఇచ్చేయడం మంచిది.

భయం ఎందుకు తగ్గదు?

ఒక ఘోరం జరిగితే ఆ దృశ్యాన్ని రోజంతా చూపిస్తారు. ఆ రోజు క్షేమంగా ఇల్లు చేరినవారు లక్షల్లో ఉన్నా, వారి గురించి ఏ వార్తా రాదు. పదిసార్లు చూసిన ఒకే సంఘటన మనసుకు పది సంఘటనలుగా తోస్తుంది. 2021లో జనసమూహాలపై జరిగిన ఇలాంటి కాల్పులలో 103 మంది చనిపోయారని ఎఫ్.బి.ఐ. లెక్క. ఒక్క ప్రాణమైనా విలువైనదే. కానీ అదే ఏడాది మొత్తం 48,830 మంది చనిపోయారని పైన చూశాము. మరి మిగిలినవారంతా ఎవరు?

కెమెరా చూపని సగం

ఆ 48,830 మందిలో 20,958 మంది హత్యకు గురైనవారు. 26,328 మంది తమ ప్రాణం తామే తీసుకొన్నవారు. అంటే సగానికి పైగా! ఇది ఆ ఒక్క ఏడాది సంగతి కాదు. గత కొన్ని దశాబ్దాలుగా అక్కడ తుపాకీ హత్యల కంటే తుపాకీ ఆత్మహత్యలే ఎక్కువ. ఇవి మూసిన తలుపుల వెనుక జరుగుతాయి కాబట్టి వార్తలలోకి రావు.

మన సంఘంలోని ఒక తండ్రి తన అనుభవాన్ని పేరు లేకుండా రాయమని మాకు చెప్పారు. అమెరికాలో ఎమ్మెస్ చదువుతున్న కూతురికి ఆయన రోజూ ఫోన్ చేసి, “బయటికి వెళ్ళావా? ఎవరైనా వెంబడించారా? గదిలోనే ఉండమ్మా” అనేవారు. ఒకరోజు ఆ అమ్మాయి ఏడుస్తూ, “డాడీ, మీరు రోజూ తుపాకుల గురించే అడుగుతారు. నేను అన్నం తింటున్నానా, నిద్రపోతున్నానా అని ఒక్కసారీ అడగలేదు” అంది. ఉద్యోగం దొరుకుతుందో లేదోనన్న దిగులు, ఇంటి మీద చేసిన అప్పు, ఒంటరితనం కలిసి ఆమె మూడు నెలలుగా కుంగిపోయి ఉంది. సమయానికి తెలిసింది కాబట్టి యూనివర్సిటీలోని కౌన్సెలరు దగ్గరకు వెళ్ళింది. ఇప్పుడు కోలుకొంది. దేవునికి స్తోత్రం.

మన ఇంటి సంగతి

ఇదంతా అమెరికా గొడవ అనుకోవద్దు. 2022లో మన దేశంలో నమోదైన హత్య కేసులు 28,522. ఆత్మహత్య చేసుకొన్నవారు 1,70,924 మంది. దాదాపు ఆరు రెట్లు. ఇక్కడ ఇంట్లో తుపాకీ ఉండదు, కానీ మూలన పురుగుల మందు డబ్బా ఉంటుంది. ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు, పంట పోయినప్పుడు, ఇంట్లో మాటామాటా పెరిగినప్పుడు మా క్యాజువాలిటీకి తెచ్చేవారిని చూస్తున్నాము. ప్రాణాలతో బయటపడినవారిలో చాలామంది, “ఆ క్షణంలో ఏమైందో తెలియదమ్మా” అని మా సిస్టర్లతో చెబుతారు.

ఆ క్షణం దాటించగలిగితే మనిషి బ్రతుకుతాడు. శ్రీలంకలో 1995 నుండి అతి ప్రమాదకరమైన పురుగుల మందులను ఒక్కొక్కటిగా నిషేధించాక ఆత్మహత్యలు సగానికి పైగా తగ్గాయి. అమెరికాలో తుపాకీని తాళం వేసి దాచమని వైద్యులు చెప్పేదీ అందుకే.

మనం చేయవలసినవి

• పిల్లలకు ఫోన్ చేసినప్పుడు ముందు నిద్ర, తిండి, స్నేహితుల గురించి అడగండి. మార్కులు, ఉద్యోగం తరువాత.

• దిగులుగా ఉన్నవారిని “చనిపోవాలనిపిస్తోందా?” అని నేరుగా అడగవచ్చు. అడిగితే ఆ ఆలోచన పుడుతుందనేది అపోహ. అడగడం వల్ల వారి భారం తేలికవుతుంది.

• పురుగుల మందు ఇంట్లో ఉంచకండి. తప్పనిసరైతే పెట్టెలో పెట్టి తాళం వేయండి. అవసరమైనంతే కొనండి.

• వార్తలు రోజుకొకసారి చూస్తే చాలు, పడుకొనే ముందు వద్దు.

• మన దేశంలో టెలి మానస్ నంబరు 14416కు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. అమెరికాలో ఉన్నవారు 988కు చేయాలి. ఈ రెండు నంబర్లను మీ పిల్లలకు ఈరోజే పంపండి.

కుంగిపోవడం విశ్వాసం లేకపోవడమని ఎవరినీ నిందించకండి. కర్మెలు కొండ మీద అంత గొప్ప విజయం చూసిన ఏలీయా ప్రవక్త, ఆ తరువాత అరణ్యంలో చెట్టు క్రింద కూర్చుని తన ప్రాణం తీసుకొమ్మని దేవునికి మొరపెట్టాడు. దేవుడు ఆయనను గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, దూతచేత రొట్టె, నీళ్ళు పంపాడు, మరల నిద్రపోనిచ్చాడు. ప్రయాణం గురించి మాట్లాడింది ఆ తరువాతే.

వచ్చే ఆదివారం కూడా మీరు చీటీలు వేయండి, మేము ప్రార్థిస్తాము. అయితే “తుపాకీ నుండి కాపాడు ప్రభువా” అని రాసే చోట ఇంకొక మాట చేర్చమని కోరుతున్నాము: మా బిడ్డ మనసు బాగుండాలని.